పంకజమ్మ ఎంచుకున్న చెక్క

కెంచార్లహళ్ళిలో పంకజమ్మ అంటే జనానికి ముందు ఆవిడ నోరు గుర్తొస్తుంది. చేతిపని తర్వాతే. ఆ నోటికి భయపడి కూరగాయల బండివాడు కూడా వాళ్ళ ఇంటి ముందు గంట కొట్టకుండా పోయేవాడు. పుట్టుకతో ఆవిడ అలాంటిది కాదని చెప్పేవాళ్ళు ఊళ్ళో ఇద్దరో ముగ్గురో ఉన్నారు గానీ, వాళ్ళు కూడా ఆ మాట ఆవిడ ఎదుట అనరు.

హిందూపురంలో కాపురం పెట్టిన మూడో ఏడే భర్త పోయాడు. పుట్టింటికి తిరిగొచ్చింది. తండ్రి ఊరి గుడిలో పూజారి. ఆయన తర్వాత తమ్ముడు శ్రీధర ఆ పని అందుకున్నాడు. తెల్లవారకముందే స్వామికి నైవేద్యం వండాలి, మాలలు కట్టాలి, పండగలకు పులిహోర కలపాలి, శ్రీధర పెళ్ళాం వినుతకు కాన్పు చెయ్యాలి. ఏ పని వచ్చినా ఇంట్లో ఒకటే మాట వినిపించేది: "అక్క ఉండాది కదా." ఆ మాట విన్నప్పుడల్లా పంకజమ్మ పళ్ళు బిగించేది. ఏళ్ళ తరబడి బిగించిన పళ్ళ వెనకే ఆ నోరు తయారైంది.

తండ్రి పోయాక చిక్కబళ్ళాపురంలో ఆడవాళ్ళకు లేతు మీద చెక్క బొమ్మలు తిప్పడం నేర్పే తరబేతి పెడుతున్నారని తెలిసింది. చెక్క మీద ప్రేమ ఏమీ లేదు. పగలంతా ఇంటి బయట ఉండొచ్చని వెళ్ళింది. బెంగళూరు అవతలి బొమ్మల ఊరు చన్నపట్న నుంచి వచ్చిన ముసలాయన లేతు మీద చెక్క బిగించి ఉలి ఆనించాడు. చుట్టలు చుట్టలుగా తెల్లటి పొట్టు ఆవిడ చీర మీద పడింది. ఆ రోజు సాయంత్రం బస్సులో వస్తూ ఆ పొట్టు దులుపుకోలేదు.

ఆవు పోయి ఖాళీగా పడున్న కొట్టంలో చిన్న మోటారు లేతు పెట్టుకుంది. కుంకుమ భరిణెలు, గిలకలు, పప్పు గుత్తులు తిప్పేది. శ్రీధరకు అప్పట్లో అభ్యంతరం లేదు. ఎవరైనా పెద్దవాళ్ళు గుడికొస్తే అక్క చేసిన భరిణె ఒకటి చేతిలో పెట్టి, "మా అక్క చేసింది" అనేవాడు. అక్కను మాత్రం ఏనాడూ మెచ్చుకోలేదు.

చిక్కబళ్ళాపురం సంతలో బొమ్మలు పరుచుకుని కూర్చున్న రోజున అనిరుద్ధ అనే కుర్రాయన వచ్చాడు. బెంగళూరులో చేపలు పట్టే సరంజామా అంగడి ఉంది ఆయనకు. ఆదివారాలు ఈ వైపు చెరువుల మీద తిరుగుతుంటాడు. జేబులోంచి విరిగిన చెక్క ముక్క ఒకటి తీశాడు. వేలెడు పొడుగుంది, కప్పలాగా ముందు లావుగా, వెనక సన్నగా, కింద మూడు కొక్కేల గాలం.

"ఇట్లాంటిది తిప్పగలరా అమ్మా?"

"ఏంది ఇది, బొమ్మా?"

"ఎర. నీళ్ళ మీద లాగితే కప్ప ఈదతాండాదని కొరమీను వచ్చి కరుస్తుంది. బయటి దేశాలది తెప్పిస్తే రాళ్ళకు తగిలి విరిగిపోతాండాది. ఇక్కడి చెక్కతో చేయించాలని."

పంకజమ్మ దాన్ని చేతిలో పెట్టుకుని బరువు చూసింది. చేప తినే వంశం కాదు, చేపను దగ్గర్నుంచి చూసింది కూడా లేదు. వద్దని చెప్పబోయింది. అప్పుడాయన, "ముందు తిప్పి చూపించండి. బాగలేకపోతే మాత్రం తీసుకోను," అన్నాడు. బాగుందో లేదో చూసి చెబుతానన్న మనిషి ఆవిడకు జీవితంలో అంతవరకు తగల్లేదు. ఇంట్లో వంట బాగున్నా తిన్నారు, బాగలేకపోయినా తిన్నారు.

"చూపిస్తా," అంది.

శ్రీధరకు రెండు రోజుల్లోనే తెలిసిపోయింది. కొట్టం గడప బయటే నిలబడ్డాడు.

"గాలాలు చేస్తాండావంట."

"గాలాలు ఆయప్ప తగిలిచ్చుకుంటాడు. నేను చెక్క తిప్పుతా."

"స్వామికి నైవేద్యం వండే చేయక్కా అది."

"అయితే ఆ వంట నీ పెళ్ళాన్ని చెయ్యమను."

వంట మానాలని అనుకోలేదు ఆవిడ. నోటికొచ్చింది, అనేసింది. మర్నాడు నిజంగానే వినుత మడి కట్టుకుని గుడి వంటకు వెళ్ళింది. ఇన్నేళ్ళ చాకిరీ ఒక్క మాటతో వదిలిపోయినందుకు సంతోషపడాల్సింది పోయి, ఆ పూటంతా పంకజమ్మ గిన్నెలు విసిరింది.

ఎరకు చెక్క దొరకడం అనుకున్నంత సులువు కాలేదు. బొమ్మలు చేసే ఆలె మాను, ఆంధ్ర వైపు అంకుడంటారు, అది ఉలికి వెన్నలా లొంగుతుంది. కానీ గాలాలూ సీసమూ తగిలించి బక్కెట్లో వేస్తే ముక్కు వరకూ మునిగింది. వేప తిప్పితే ఇంకా లోతుకు పోయింది. కొండల్లో దొరికే పొనికి దూదిలా తేలింది గానీ, కొక్కెం మర బిగిస్తే నిలవలేదు, వేలితో లాగితే ఊడొచ్చింది. తేలాలి, చేప పంటికి ఆగాలి, మరను పట్టి ఉంచాలి, తడిసి ఆరినా పగలకూడదు. ఇన్ని గుణాలూ ఉన్నది శివనె చెక్కేనని, తెలుగువాళ్ళు గుమ్మడి టేకు అంటారని చన్నపట్న ముసలాయన ఫోనులో చెప్పాడు.

దానికోసం బాగేపల్లి వెళ్ళింది. హైవే పక్కన బైరప్ప సామిల్లు. ఆడమనిషి ఒంటరిగా వచ్చి దూలాల మధ్య తిరుగుతుంటే బైరప్ప కుర్చీలోంచి లేవలేదు.

"ఏం కావల్లమ్మా? కట్టెలైతే ఆ పక్క ఉండాయి, పొయ్యిలోకి."

"శివనె కావల్ల. నడిమధ్య బెండు లేనిది, ముడి లేనిది."

"అదిగో, అంతా శివనే."

నమ్మి మోయించుకొచ్చింది. ఇంటికొచ్చి తిప్పితే ఉలి కింద చారలు చారలుగా లేచింది. సిల్వర్ ఓక్. పొలం గట్ల మీద పెరిగేది. మళ్ళీ బస్సెక్కి పోయి, ఆ తిప్పిన ముక్కను బైరప్ప ముందు బల్ల మీద విసిరింది.

"ఇది శివనా?"

"చూసి కొనుక్కునేది నీ పని. నేనేమన్నా బలవంతం చేస్తినా?"

"సరే. ఈసారి చూసే కొంటా." మిల్లు మనుషులు తాగే నీళ్ళ బక్కెట్టు తీసుకొచ్చి నడిమధ్య పెట్టుకుంది. ప్రతి దుంగ చివరా ఒక బిళ్ళ కోయించింది. గోరు దించి చూసింది, నీళ్ళలో వేసి చూసింది. తొలి రెండూ శివనె కావు. బైరప్ప లేచి వచ్చి అరిచాడు.

"మా వాళ్ళు తాగే నీళ్ళు అవి! కొనేదుంటే కొను, లేకుంటే బస్సుకు పో!"

"కొనేదానికే వస్తి. నిజమైంది చూపించేదాకా పోను."

చివరికి షెడ్డు వెనక, రేకుల కింద నుంచి లేత పసుపు రంగు దుంగలు రెండు తీయించాడు. బిళ్ళ నీళ్ళ మీద సగం పైకి నిలిచింది. వాటిని ముక్కలు చేయించుకొచ్చి, రెండు కొసలకూ మైనం పూసి, కొట్టం అటక మీద నీడలో పేర్చింది. కొసల నుంచి తొందరగా ఆరితే చెక్క నెర్రెలిస్తుంది. రెండు వానాకాలాలు ఆగాలి. ఈలోపు మిల్లులో ఏరుకొచ్చిన పాత శివనె తునకలతోనే తిప్పడం మొదలుపెట్టింది.

తిప్పినవి నీళ్ళలో ఎలా ఆడతాయో బక్కెట్లో తెలియదు. ఊరి చెరువు మీద గాలం వేసే దేవరాజ్ దగ్గరికి వెళ్ళింది. ఆయన రాళ్ళ మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"అయ్యోరమ్మ చేసిన ఎరకు మీను పడతాదా?" అని పక్కవాళ్ళకు వినపడేలా నవ్వాడు.

"పడకపోతే చెప్పు. నవ్వేది తర్వాత."

దేవరాజ్ విసిరాడు. ఎర నీళ్ళ మీద పక్కకు ఒరిగింది, అలాగే వచ్చింది.

"చచ్చిన కప్ప మాదిరి పండుకొనింది సూడు. మీ మడి నీళ్ళు దీనికీ తాపించినావేమో!"

పంకజమ్మ ఆయన చేతిలోంచి దారం లాక్కుని, ఎర తెంపుకుని వచ్చేసింది. సీసం కడుపు కిందికి జరిపింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ నవ్వించుకుంది. దేవరాజ్ తామర ఆకుల మధ్య విసరాలనీ, ఎర మూతి ఇంకా పల్లంగా చెక్కితే నీళ్ళు బుడుక్కుమంటాయనీ అన్నాడు. మొదటి మాట నిజమే, రెండోదానికి ఎర మునిగింది; సీసం తగ్గిస్తే గానీ తేలలేదు. ఇద్దరూ ఒకర్నొకరు తిట్టుకున్నారు. పెద్ద అరుపులు వినపడితే చెరువు కింద మళ్ళలోని ఆడవాళ్ళు నడుములెత్తి చూసేవాళ్ళు.

వాన పడి వెలిసిన ఒక ఉదయం ఎర ఆకుల పక్కగా బుడుక్కు బుడుక్కుమంటూ వస్తుంటే నీళ్ళు పగిలాయి. దేవరాజ్ చేతిలో కర్ర వంగింది. నల్లటి కొరమీను, మోచేయంత, గట్టు మీద పడి కొట్టుకుంది. ఆయన కట్టెతో తల మీద ఒక్కటి వేశాడు. అది ఆగిపోయింది. చెక్క మీద పళ్ళ గాట్లు వరసగా పడ్డాయి గానీ కొక్కెం కదల్లేదు.

"ఇప్పుడు నవ్వు," అంది పంకజమ్మ.

దేవరాజ్ నవ్వలేదు. ఆ చేపను ఎత్తి ఆవిడ మొహం ముందుకు తెచ్చాడు. "నీ పనే కదమ్మా ఇది. పట్టుకో మరి. చెక్క మాత్రమే నాది అని తప్పించుకుంటే ఎట్లా?"

ఆవిడ రెండు చేతులూ చాచి పట్టుకుంది. చల్లగా, జిగురుగా ఉంది. దాని కన్ను ఇంకా మెరుస్తోంది. దేవరాజ్ తనంతట తాను తీసుకునేదాకా వదల్లేదు. ఇంటికొచ్చి తల మీద నుంచి నీళ్ళు పోసుకుంది. పాపం చేశానన్న బాధ వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. ఎర బాగా ఆడిందన్న సంతోషమే ఉంది. అది చూసి ఆవిడకు తన మీద తనకే భయమేసింది.

దేవరాజ్ ఆ సాయంత్రం టీ అంగట్లో అందరికీ చెప్పాడు. పూజారి అక్క చెక్కతో చేప పట్టానని, ఆవిడే చేతులతో పట్టుకుందని. వారం తిరిగేలోపు గుడి ప్రసాదం కొందరు ఆకులోనే వదిలేసి పోసాగారు. నీళ్ళ కొళాయి దగ్గర ఆడవాళ్ళు ఆవిడ బిందె తగలకుండా తమవి జరుపుకున్నారు. చేపలు తినేవాళ్ళూ జరుపుకున్నారు. పంకజమ్మ అందరి ఎదుటా, "నిన్న మీ ఇంట్లో వండింది ఆకాశంలోంచి పడిందా?" అని అడిగింది.

శ్రీధర ఒకసారి ఆవిడతో మెల్లగానే మాట్లాడాలని చూశాడు.

"గుడికొచ్చేవాళ్ళు నన్నడగతాండారక్కా. నీకేం, నువ్వు ఎవురికీ జవాబు చెప్పేది లేదు. నేను రోజూ వాళ్ళ మొగాలు చూడల్ల."

"ఇన్నేండ్లు నా మొగం ఎవురన్నా చూసినారా?"

"అది వేరే మాట."

"నాకు అదొక్కటే మాట."

ఇంకెప్పుడూ ఆయన మెల్లగా మాట్లాడలేదు.

తండ్రి తద్దినం వేసవిలో వచ్చింది. బంధువులు చింతామణి నుంచీ కోలారు నుంచీ వచ్చారు. తెల్లవారుజామునే స్నానాల నీళ్ళకు పెరట్లో కాగు కింద పొయ్యి రాజేశారు. పంకజమ్మ నిద్ర లేచేసరికి పెరడంతా ఒక వాసన. కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన. పొయ్యి దగ్గరికి వెళ్ళి చూసింది. మండుతున్న దుంగ కొస నుంచి మైనం కరిగి బూడిదలో చుక్కలు చుక్కలుగా పడుతోంది. కొట్టంలోకి పరుగెత్తింది. అటక ఖాళీ.

శ్రీధర తడి పంచెతో నిలబడి ఉన్నాడు. చుట్టూ బంధువులు.

"అవి నా కట్టెలు."

"కట్టెలే కదక్కా. పొయ్యిలో పెట్టేదానికే."

"రెండు వానలు ఆరబెట్టింటి."

"బాగా ఆరినాయి. అందుకే బాగా మండినాయి."

ఎవరో ముసలావిడ ఇవాళ గొడవ వద్దమ్మా అంది. పంకజమ్మ ఆ రోజు ఎవరికీ వడ్డించలేదు, తినలేదు. వంటింట్లో ఆవిడ చేయి లేని లోటు అందరికీ తెలిసింది. సాంబారు ఉప్పెక్కువైంది. ఆ చిన్న విషయానికి కూడా ఆవిడ లోపల సంతోషించింది.

రెండో రోజు బంధువులు వెళ్ళారు. మూడో రోజు పొద్దున శ్రీధర గుడికి వెళ్ళగానే, పంకజమ్మ మాను కొట్టే గంగప్పను పిలిపించింది. పెరట్లో దేవగన్నేరు ఉంది. తెల్లగా విరగబూసి ఉంది. స్వామికి ఏడాదిలో సగం రోజులు ఆ పూలే.

"దీన్ని కొట్టు గంగప్పా."

గంగప్ప గొడ్డలి కింద పెట్టాడు. "పూల చెట్టమ్మా. అయ్యోరొచ్చినాక ఒక మాట..."

"ఇల్లు ఆయప్ప ఒక్కడిదే కాదు. నాకూ భాగం ఉండాది. కొడతావా, నేను కొట్టల్లా?"

మెత్తటి మాను. ఎక్కువ సేపు పట్టలేదు. ప్రతి దెబ్బకూ పాలు కారాయి. వినుత వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉంది గానీ బయటికి రాలేదు. శ్రీధర తిరిగొచ్చేసరికి కొమ్మలు నేల మీద పరుచుకుని ఉన్నాయి, పూలు ఇంకా వాడలేదు. ఆయన అరుస్తాడని పంకజమ్మ చూసింది. అరవడం కోసమే చూసింది. ఆయన పంచె ఎగ్గట్టి వంగి, నేల తాకని కొమ్మల మీద పూలు ఒక్కొక్కటీ కోసి బుట్టలో వేసుకున్నాడు. బుట్ట నిండింది.

"రేపటికి?" అంది ఆవిడ.

"రేపు సంతలో కొంటాను. నువ్వు మాత్రం ఈ చెక్కతోనే చేపలు పట్టించు. పట్టించి నా గడప తొక్కొద్దు."

ఆ దుంగలు కోయించి, మైనం పూసి, తన గది మంచం కిందే పెట్టుకుంది, ఎవరూ తాకకుండా. చెక్క చూడటానికి తెల్లగా, గుల్లబారకుండా బాగుంది. దాంతోనే తిప్పాలి, అందమైనవి తిప్పాలి, తమ్ముడికి తెలిసేలా అమ్మాలి అనుకుంది. చెక్క గుణం ఆ ఒక్కసారి ఆవిడ చూడలేదు. బిళ్ళ కోసి నీళ్ళలో వేయలేదు, ముసలాయన్ను అడగలేదు. కోపం మీద ఎంచుకున్న చెక్క అది.

చలికాలంలో మంచం కింద నేల మీద పిండి పోసినట్టు చిన్న చిన్న కుప్పలు కనిపించాయి. తుడిచేసింది. మళ్ళీ వచ్చాయి. ఒక దుంగ లేతుకు బిగించి ఉలి ఆనిస్తే లోపలంతా సూది బెజ్జాలు. రెండోదీ అంతే. పాల మానుకు పురుగు పట్టింది. ఆ పొడి చీపురుతో ఎత్తుతుంటే వినుత గుమ్మంలో నిలబడి చూసింది.

"పురుగు పట్టినట్టుండాది వదినా. కాగు కిందికి పనికొస్తాయా?"

పంకజమ్మ చేతిలో ఉన్న చేట వినుత కాళ్ళ దగ్గర పడింది. దెబ్బ తగల్లేదు. తగిలించాలనే విసిరింది.

ఆ సాయంత్రమే చింతామణిలో గది వెతికిపెట్టమని తన పాత తరబేతి స్నేహితురాలికి ఫోను చేసింది. పిండిమిల్లు వెనక ఒక గది దొరికింది. పగలంతా మిల్లు మోత, కాబట్టి లేతు మోతకు ఎవరూ అడ్డు చెప్పరు. సామాను ఎత్తే రోజున శ్రీధర అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. లేతు బరువుకు గూడ్సు ఆటో వాడు ఒక్కడే మోయలేక, "స్వామీ, ఒక చేయి," అన్నాడు. శ్రీధర పేజీ తిప్పాడు. పంకజమ్మే రెండో వైపు పట్టుకుంది. బొటనవేలు నలిగింది. అబ్బా అని కూడా అనలేదు, ఆయన వినకూడదని.

తర్వాత మళ్ళీ బాగేపల్లి వెళ్ళింది. బైరప్ప ఈసారి తానే నీళ్ళ బక్కెట్టు తెచ్చి ఎదుట దబ్బున పెట్టాడు. "వేసుకో నీ బిళ్ళలు. తొందరగా ముగించుకుని పో." రెండు వైపులా మర్యాద లేదు గానీ చెక్క మాత్రం నిజమైన శివనె. అది ఆరేదాకా భరిణెలు తిప్పుకుని బతికింది. ఆరాక ఎరలు తిప్పింది. అనిరుద్ధ తీసుకున్నాడు. కొన్ని తిరగ్గొట్టాడు, లక్క పూత నీళ్ళకు పొలుసు లేస్తోందని. ఆవిడ ఫోనులో ఆయన్ను దులిపేసి, ఆ రాత్రే పూత మార్చి చూసింది. ఈ ఎరలు చిక్కబళ్ళాపురం చుట్టుపక్కల చెరువుల్లో ఇప్పుడు చాలామంది దగ్గర ఉన్నాయి. వాటిని ఎవరు తిప్పారో వాళ్ళలో ఎక్కువమందికి తెలియదు. దేవరాజ్‌కు తెలుసు. ఊళ్ళో ఆవిడ పేరెత్తితే ఇప్పటికీ తిడుతూనే మాట్లాడతాడు. గాలానికి మాత్రం ఇంకెవరి చెక్కా కట్టడు.

చేప ఆవిడ ఇప్పటికీ తినదు. ఏకాదశి ఉపవాసాలు మానలేదు. గుడికి మాత్రం వెళ్ళదు, ఆ గుడికే కాదు, ఏ గుడికీ.

మొన్న కార్తీకంలో ఒక పెళ్ళికని కైవారం వైపు పోయే బస్సెక్కింది. బస్సు చింతామణి స్టాండులోనే నిండిపోయింది. ఆవిడ పక్క సీటొక్కటే ఖాళీ. చివరి నిమిషంలో శ్రీధర ఎక్కాడు. జుట్టు బాగా నెరిసింది. చేతిలో సంచి, సంచిలోంచి పూల పొట్లం కనిపిస్తోంది. కండక్టరు కన్నడంలో, ముందుకెళ్ళండి స్వామీ, అక్కడ సీటుంది అన్నాడు. శ్రీధర అక్కను చూశాడు. ఆవిడా చూసింది. తన ఒళ్ళో ఉన్న సంచి తీసి ఆ ఖాళీ సీట్లో పెట్టింది.

శ్రీధర పైకడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. మలుపుల్లో ఒరిగాడు, మళ్ళీ నిలదొక్కుకున్నాడు. దారిలో చంటిబిడ్డతో ఒకామె ఎక్కితే పంకజమ్మ వెంటనే సంచి తీసి, "కూర్చోమ్మా," అంది. బిడ్డ నిద్రపోతూ పంకజమ్మ భుజం మీద తల వాల్చింది. శ్రీధర దిగే ఊరు వచ్చింది. ఆయన దిగుతుంటే ఆవిడ కిటికీ వైపు మొహం తిప్పుకుని, బస్సు కదిలేదాకా ఇటు చూడలేదు.